ఈకల పాచీ, నా నీలం బ్రష్షూ

తార్నాకలో నా గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెప్తారు. ఒకటి, రాజు ఇళ్ళల్లో సముద్రపు అక్వేరియాలు చూసుకునేవాడు. రెండు, రాజు చెప్పినదాంట్లో సగం తీసేసి నమ్మాలి. రెండూ నిజమే. ఇరవై ఆరేళ్ళు ఆ పని చేశాను. యాభై మూడో ఏట కుడి భుజం మొరాయించింది. ట్యాంకు అడుగుదాకా చెయ్యి పెట్టలేనివాడు ఈ పనికి పనికిరాడు కాబట్టి మానేసి కూర్చున్నాను.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తవాళ్ళు వస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి, పగడాల పేర్లు లాటిన్లో గడగడా చెప్పి, చివరికి నా దగ్గరకొచ్చి ఒకటే అడుగుతారు: "అన్నా, పాచి పోవట్లేదు. ఏం మందు వెయ్యాలి?"

మందు సంగతి తర్వాత. ముందు ఈ పని ఎలాంటిదో, నేను ఎక్కడ చెడ్డానో చెప్తాను. దారిలో కోతలు తగుల్తాయి, ఏరి పక్కన పెట్టుకోండి. విమల టీచర్ గారి ఇంటి సంగతి వచ్చినప్పుడు మాత్రం ఒక్క కోతా ఉండదు. ఆ ఇంట్లో కోసిన కోతే నన్ను ముంచింది.

కూర్చోవడమే పని

చెయ్యి తడిసే పని గంటసేపు. మిగతాదంతా కూర్చోవడం. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

పొద్దున పదకొండింటికి దీపాలు పూర్తిగా వెలిగాక ట్యాంకు ముందు పీట వేసుకుని కూర్చోవాలి. బయట బస్సు హారన్లు, పక్కింటి కుక్కర్ కూత, ఉల్లిపాయల బండి మైకు. లోపల మాత్రం వేరే కాలం నడుస్తుంటుంది. పైన మేడ మీద ఎవరో చీర ఆరేస్తున్నట్టు ఇసుక మీద వెలుగు మడతలు వణుకుతూ పోతుంటాయి. కాసేపటికి బయటి చప్పుళ్ళు కూడా నీళ్ళలోంచి వస్తున్నట్టు మెత్తబడతాయి. అప్పుడు మీకు కనపడ్డం మొదలవుతుంది. ఏ చేప ఇవాళ మూలకి పోయింది, ఏ రాయి మీద నిన్న లేని పచ్చదనం ఉంది, నీళ్ళు ఎక్కడ కదలకుండా నిద్రపోతున్నాయి. ఒకసారి ఒక నత్త అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి పాకేలోపు బయట ఎండాకాలం అయిపోయి వానలు మొదలయ్యాయి. నత్త నిజం. వాన నిజం. మధ్యలో నేను కునుకు తీశానని ఆ ఇంటావిడ అంటుంది.

రామంతాపూర్‌లో ఒక ఇంట్లో పసుపు చేప ఒకటి ఉండేది. టీవీలో వార్తలు మొదలవగానే రాతి వెనక్కి పోయేది. చివర్లో వాతావరణం చెప్పేటప్పుడు మాత్రం బయటికొచ్చి అద్దానికి మూతి ఆనించేది, తన సముద్రం గురించి ఏమైనా చెప్తారేమోనని. నమ్మమని నేనెవర్నీ బలవంతపెట్టను.

పాచి గురించి మాత్రం కోతలు లేకుండా చెప్తాను. కొత్త ట్యాంకులో మొదటి నెలల్లో గోధుమరంగు పొడి వస్తే కంగారుపడకండి, దాని మానాన అది పోతుంది. ఎర్రటి దుప్పటిలా పరుచుకునేది వచ్చిందంటే చాలాసార్లు అక్కడ నీళ్ళు కదలడం లేదని అర్థం. జుట్టులాంటి పచ్చ పాచి వచ్చిందంటే ఇంట్లో ఎవరో చేపలకి ఎక్కువ తినిపిస్తున్నారు. మన ఇళ్ళల్లో "అది తిన్నదా?" అని అడక్కుండా ఎవరూ కంచం ముందు కూర్చోరు కదా, ముగ్గురు మూడుసార్లు వేస్తారు. ఈ మూడూ పిలిస్తే వచ్చే చుట్టాలు. మర్యాదలు తగ్గిస్తే సర్దుకుని వెళ్ళిపోతాయి.

నాలుగోది ఈకల పాచి. నెమలి ఈకని గోరంత చేసి ఆకుపచ్చ సిరాలో ముంచినట్టుంటుంది. చూస్తే ముద్దొస్తుంది. పీకితే, పీకిన ముక్క ఎక్కడ పడితే అక్కడ మళ్ళీ లేస్తుంది. కంటికి ఆనని ముక్క చాలు. చేపల్ని పస్తు పెట్టినా, దీపాలు ఆర్పినా అది ఓపిగ్గా కూర్చుంటుంది. నా ఉద్యోగ జీవితంలో అంత ఓపికమంతురాల్ని ఇంకొకర్నే చూశాను. ఆవిడ విమల టీచర్ గారు.

మల్లేశన్న గోడ

ఆవిడ దగ్గరికి వెళ్ళేముందు మా గురువు సంగతి చెప్పాలి. నాకు పని నేర్పింది ముషీరాబాద్‌లో చేపల దుకాణం నడిపిన మల్లేశన్న. చదివింది నాలుగో తరగతి. నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉప్పు ఎంత ఉందో చెప్పేవాడు, తర్వాత మీటర్ పెట్టి చూస్తే అంతే ఉండేది. మీరు ఆ పని చెయ్యకండి, మీటర్ కొనుక్కోండి. సముద్రంలో పుట్టిన గట్టి పగడాన్ని ఎవరైనా తెచ్చి అమ్మబోతే దుకాణం మెట్లు దిగేదాకా తిట్టేవాడు. చట్టం ఒప్పుకోదని నాకు ఆయన చెప్పాకే తెలిసింది.

దుకాణం వెనక గోడకి వరసగా మేకులుండేవి. మేకుకో బ్రష్, బ్రష్ పిడి మీద ఇంటి పేరు.

"ఒక్క ఇంటి బ్రష్ ఇంకో ఇంట్ల పడొద్దు. గంతే," అనేవాడు.

"కడుక్కుంటే సరిపోదా అన్నా?"

"నీ టూత్‌బ్రష్ కడిగి నాకిస్తవా?"

"ఛీ."

"మరి? చేపలకి ఇజ్జత్ లేదా?"

నేను నవ్వేశాను. నవ్వడం నాకు బాగా వచ్చు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. ఆయన దుకాణం కట్టేసి ఊరెళ్ళిపోయాక, సొంతంగా ఇళ్ళు చూసుకునే రోజుల్లో, నేను ఒకే ఒక్క బ్రష్ కొనుక్కున్నాను. నీలం రంగు. పొడుగాటి పిడి, బిరుసు పీచులు. వడ్రంగికి ఉలి ఎలాగో నాకు ఇది అలా అని చెప్పుకు తిరిగేవాణ్ణి. ప్రతి ఇంటికీ అదే. కుళాయి కింద ఒకసారి జాడించి సంచీలో వేసుకోవడం, స్కూటరెక్కడం.

మంచి గురువు చెప్పినవాటిల్లో మనకి నవ్వొచ్చిన మాటనే ముందు రాసిపెట్టుకోవాలి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

గొడుగు మూసుకుంది

విమల టీచర్ గారు, ఆవిడ భర్త ప్రొఫెసర్ ఆనందరావు గారు మా నాన్న వైపు ఊళ్ళవాళ్ళే, కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డవాళ్ళు. ఆవిడ బడిలో పాఠాలు, చర్చిలో పాటలు చెప్పి రిటైరయ్యారు. పాటలు మాత్రం మానలేదు. ఆయన యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆయన జీవితమంతా చదివింది దేని గురించో తెలుసా? పాచి గురించి.

"పాచి అనకు రాజూ. శైవలం అను. నువ్వు పీలుస్తున్న గాలిలో దాని వాటా ఉంది," అనేవారు.

"మీ చుట్టాల్ని ఏమీ అనట్లేదులెండి," అని లోపల్నుంచి టీచర్ గారు. "నా అద్దం మీద నుంచి లేవమంటున్నాడు, అంతే."

ఇలా ఉండేది ఆ ఇల్లు. ట్యాంకు ఆవిడది. హాల్లో ఒక గోడ మొత్తం. అందులో ఒక జత నారింజ చేపలు, కొన్ని రొయ్యలు, మధ్యలో రాయి మీద ఒక మెత్తటి పగడం, పుట్టగొడుగు ఆకారంలో, అన్నం పళ్ళెమంత. మల్లేశన్న గోరంత ముక్క ఇస్తే పదకొండేళ్ళు పెంచారు. దీపాలు వెలగగానే దాని గొడుగు మీద వందల సన్నటి రేకులు ఒక్కొక్కటే లేచి, గడ్డి పువ్వుల్లా నీళ్ళతో ఊగేవి.

టీచర్ గారికి గొంతు ఆపరేషన్ అయినప్పుడు, ఇక పాడలేరని డాక్టర్లు చెప్పారట. ఇంటికొచ్చిన కొత్తలో ఆవిడ రోజూ ఈ పగడం ముందు కూర్చునేవారు. ఒకరోజు అది తెరుచుకుంటుంటే, దానితో పాటు తనకి మిగిలిన ఆ కాస్త గొంతుతో ఒక స్వరం తీశారు. మర్నాడు రెండు. అప్పట్నుంచీ అది అలవాటైపోయింది. అది తెరుచుకున్నాకే ఆవిడ నోరు తెరిచేది. పక్కన వెదురు కుర్చీలో కాఫీ గ్లాసుతో సార్. గదిలో నీలం వెలుగు, పగడం ఊగడం, ఆవిడ గొంతు అంచు మీద నడుస్తున్నట్టు సన్నగా ఒక పాట. నేను బక్కెట్ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళలో నాకు మిగిలిందేమిటని అడిగితే ఆ పది నిమిషాలే చూపిస్తాను.

ఆ యేడు వానాకాలంలో ఆ రాతి మీద మొదటి ఈక మొలిచింది. నెల తిరిగేసరికి పగడం కాండం చుట్టూ అల్లుకుంది. గొడుగు మూసుకుంది. రంగు వెలిసి, తోలు ముక్కలా ముడుచుకుని కూర్చుంది. టీచర్ గారు పొద్దున పాట మానేశారు. ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. సార్ కాఫీ మాత్రం అక్కడే కూర్చుని తాగేవారు.

నేను శనివారం శనివారం వెళ్ళి నా నీలం బ్రష్‌తో రాళ్ళన్నీ తోమేవాణ్ణి. బుధవారానికి మళ్ళీ పచ్చగా ఉందని ఫోన్.

డ్రాపర్

ఇక్కడ కొత్తవాళ్ళు కాస్త జాగ్రత్తగా వినండి. ఈ పనిలో చేప చచ్చిపోవడం కంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. ఇంటివాళ్ళు "ఎందుకిలా అవుతోంది?" అని అడిగినప్పుడు మన దగ్గర జవాబు లేకపోవడం. తెలీదు అనడానికి నోరు రాదు. అప్పుడు నోరు వేరే పని చేస్తుంది.

ఆ వాన తర్వాత నేను చూసే ఇళ్ళల్లో నాలుగింటికి ఈకల పాచి వచ్చింది. నాలుగిళ్ళకీ నాలుగు కారణాలు చెప్పాను. ఒకరికి నీళ్ళ ఫిల్టరు పాడైందన్నాను. ఒకరికి కిటికీ ఎండ అన్నాను. ఒకాయనకి అమావాస్య పోటు అన్నాను, ఆయన తల కూడా ఊపాడు. టీచర్ గారింట్లో నీళ్ళు పరీక్షించాను, దీపాలు మార్చాను, తిండి తగ్గించాను. ఏదీ కలిసి రాలేదు.

ఒక శనివారం ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"రాజూ, నిజం చెప్పు. నువ్వు తోముతున్నావు. నేను చేపలకి లెక్కగా వేస్తున్నాను. మరి దీనికి మేత ఎక్కణ్ణుంచి వస్తోంది?"

సార్ కుర్చీలో కునుకు తీస్తున్నారు, కళ్ళజోడు ముక్కు మీదకి జారి. అంతకు రెండు వారాల ముందు ఆయన ట్యాంకు పక్కన ఒక గాజు డ్రాపర్ పట్టుకుని నిలబడి ఉండగా చూశాను. అది గుర్తొచ్చింది. నాలిక దురద పెట్టింది.

గొంతు తగ్గించి అన్నాను: "టీచర్ గారూ, సార్ సంగతి మీకు తెలియందేముంది. ఆయన చుట్టాలు కదా. నేను కళ్ళారా చూశాను, డ్రాపర్‌తో ఏదో పోస్తున్నారు. ఎరువే అయ్యుంటుంది."

డ్రాపర్ నిజం. నిలబడింది నిజం. పొయ్యడం మాత్రం నా సొంతం.

నవ్వుతారనుకున్నాను. నా లెక్కలో అది నవ్వులాట. ఆవిడ నవ్వలేదు. కుర్చీ వైపు తిరిగి చాలాసేపు చూశారు.

మర్నాడు ఆవిడ అడిగారట: "ట్యాంకులో ఏమైనా వేస్తున్నారా?" ఆయన "ఎవరన్నారు?" అన్నారట. "రాజు చూశాడు." అంతే. ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. ఇన్నేళ్ళ తర్వాత అడగాల్సొచ్చిందా అన్నట్టు చూసి లేచి, తన వెదురు కుర్చీని ఆటోలో వేసుకుని క్యాంపస్‌కి వెళ్ళిపోయారు. రిటైరైనా డిపార్ట్‌మెంట్‌లో ఆయనకి ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు వదిలిపెట్టారు. ఇక రోజూ పొద్దున్నే కాఫీ తాగకుండా అక్కడికి, సాయంత్రం భోజనానికి ఇంటికి.

తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి ఆయన బయల్దేరబోతూ ఉన్నారు. ఇద్దరూ ఒకే హాల్లో ఉన్నారు, మధ్యలో నేను.

"రాజూ, సార్‌కి గొడుగు కావాలేమో అడుగు."

"రాజూ, వాన లేదని చెప్పు."

"రాజూ, మబ్బు పట్టిందని చెప్పు."

బక్కెట్ పట్టుకుని అటోసారి, ఇటోసారి తిరిగాను. జీవితంలో మొదటిసారి నాకు కోత కొయ్యడానికి ఏమీ దొరకలేదు.

ఆయన వెళ్ళాక టీచర్ గారు ట్యాంకు వైపు చూడకుండానే చెప్పారు: "క్రిస్మస్ ప్రాక్టీసు అడ్వెంట్ నుంచి మొదలు, అంటే పండక్కి నాలుగు వారాల ముందు. ఇరవై మంది ఈ హాల్లోనే కూర్చోవాలి. ఈ పచ్చ గుంట ముందు కూర్చోబెట్టి పాడించలేను. అప్పటికి తీసేయ్. చేపల్ని ఎవరికైనా ఇచ్చెయ్."

"పగడం?"

"అది పోయినట్టే కదా." ఆ మాట అన్నాక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

నీలం స్తంభం

రెండు రోజులు వాయిదా వేశాను. మూడోరోజు క్యాంపస్‌కి బయల్దేరాను. సార్ కాళ్ళు పట్టుకుని "ఆ డ్రాపర్‌లో ఏముందో మీరే చెప్పండి" అందామని. అప్పటికీ నా లోపల ఒక మూల, ఆయన నిజంగానే ఎరువు వేశారేమో అని ఆశ. మనం చెప్పిన అబద్ధం నిజమైతే బాగుండునని కోరుకోవడం కంటే దిక్కుమాలిన స్థితి లేదు.

మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి లోపలికి వెళ్ళాను. వానలు వెలిసిన కొత్త. క్యాంపస్‌లోకి వచ్చేసరికి ఊరి చప్పుడు తలుపు మూసినట్టు ఆగిపోయింది. చెట్ల కింద వెలుగు పచ్చగా, అడుగునుంచి చూస్తున్నట్టు. రాళ్ళ మీద, పిట్టగోడల మీద, పాత మెట్ల పక్కన, ఎక్కడ చూసినా పాచి. మెత్తగా, తడిగా, ఎవరికీ అడ్డం లేకుండా. ఎక్కడో నెమలి అరిచింది. పెద్ద ట్యాంకులో నడుస్తున్నాననిపించింది. ఇక్కడ దీన్ని ఎవరూ తోమడం లేదు, ఎవరూ దాని మీద అలగడం లేదు. సార్ ఎందుకు దీన్ని ప్రేమించారో ఆ దారిలో కొంచెం అర్థమైంది.

ఆయన గది మేడ మీద చివర్న. వెదురు కుర్చీలో కూర్చుని మైక్రోస్కోపులోకి చూస్తున్నారు. తల ఎత్తకుండానే, "వచ్చావా. రా, చూడు," అన్నారు.

కన్ను పెట్టాను. పచ్చటి అడివి. వేళ్ళలాంటి సన్నటి పోగులు ఒక పెద్ద స్తంభాన్ని చుట్టుకుని ఉన్నాయి. స్తంభం నున్నగా, నిటారుగా ఉంది. నీలం రంగు.

"ఏమిటది?" అన్నారు.

"ఏదో... మొక్క కాండమా సార్?"

"నీలం కాండం ఉన్న శైవలం కనిపెడితే నాకు ఈ వయసులో మళ్ళీ ఉద్యోగం ఇస్తారు. సరిగ్గా చూడు."

చూశాను. నా నీలం బ్రష్ పీచు. విరిగిన చిన్న ముక్క. దాన్ని పట్టుకుని ఈకల పాచి వేళ్ళూని ఉంది.

"మా ట్యాంకులోంచి డ్రాపర్‌తో తీసినవి ఆరు ముక్కలు," అన్నారు నెమ్మదిగా. "రెండింటికి పీచు అంటుకుని ఉంది. నువ్వు చూసే రామంతాపూర్ ఇంటాయన మొన్న దారిలో కనపడితే వాళ్ళింటి ముక్క కూడా ఒకటి అడిగి తెప్పించుకున్నాను. దాంట్లోనూ ఉంది. మొదట వచ్చింది ఆ ఇంటికే కదా?"

అక్కడికే. వాళ్ళు ఎక్కణ్ణుంచో కొత్త రాళ్ళు తెచ్చుకున్నారు. వాటిని తోమిన బ్రష్‌తోనే నేను మిగతా ఇళ్ళు తిరిగాను. శనివారం నేను తోమడం అంటే విత్తనాలు చల్లడం. వారం వారం, శ్రద్ధగా, నాలుగిళ్ళల్లో.

మల్లేశన్న గోడ కళ్ళ ముందు కనపడింది. మేకు మేకుకీ ఒక పేరు.

"ఇది మీకెప్పుడు తెలిసింది సార్?"

"పది రోజులైంది."

"మరి టీచర్ గారికి చెప్పలేదేం?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను చెబితే నమ్ముతుంది. కానీ నిన్ను ఇంక గుమ్మం ఎక్కనివ్వదు. నువ్వు చెబితే తిడుతుంది, తర్వాత కాఫీ ఇస్తుంది. విమలని నాకు తెలుసు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నా గురించి మాత్రం ఆవిడకి తెలుసో లేదో, అదే ఆలోచిస్తున్నాను," అన్నారు.

నేను మెట్లు దిగి స్కూటర్ తీశాను.

కథ వద్దు

శనివారం వెళ్ళాను. సంచీ తీసుకెళ్ళలేదు. హాల్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఏదో పాట సాధన చేస్తున్నారు, టీచర్ గారు కీబోర్డు దగ్గర. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే ధైర్యం పోతుందని తెలుసు.

"టీచర్ గారూ, ముషీరాబాద్‌లో మల్లేశన్న అని..."

"కథ వద్దు. విషయం చెప్పు."

చెప్పాను. బ్రష్ సంగతి, పీచు సంగతి, నాలుగిళ్ళ సంగతి. నలుగురు ఆడవాళ్ళూ నోళ్ళు తెరిచి వింటున్నారు. నా కథలకి ఎప్పుడూ అంత నిశ్శబ్దం దొరకలేదు.

"డ్రాపర్?" అన్నారు ఆవిడ.

"డ్రాపర్ నిజమేనండి. సార్ నీళ్ళు తీసుకున్నారు. పొయ్యలేదు. పోశారని నేను కల్పించాను."

ఆవిడ కీబోర్డు మీద వేళ్ళు సర్దుకున్నారు. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, "మళ్ళీ మొదట్నుంచి," అన్నారు. వాళ్ళు పాడారు. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. పాట మొత్తం అయ్యేదాకా గోడ పక్కన నిలబడ్డాను. అయ్యాక లేచి చెప్పులేసుకున్నారు.

"స్కూటర్ తెచ్చావా?"

"తెచ్చానండి."

"పద, క్యాంపస్‌కి. నీ మాట విని ఆయన్ని అడిగాను చూడు, నిన్ను అని ఏం లాభం. ముందు నన్ను నేను అనుకోవాలి."

డిపార్ట్‌మెంట్ ముందు దింపాను. ఆవిడ మెట్లెక్కి వెళ్ళారు. నేను చెట్టు కింద నిలబడ్డాను. ఇంకో చోటైతే ఇక్కడ నేను చక్కటి సంభాషణ ఒకటి అల్లేవాణ్ణి, మీ కళ్ళు చెమ్మగిల్లేలా. కానీ నేను వినలేదు. ఎంతసేపు పట్టిందో కూడా చెప్పలేను. ఎండ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి మారింది. చివరికి ఇద్దరూ దిగొచ్చారు, వెదురు కుర్చీని చెరో పక్కా పట్టుకుని.

"ఆటో పిలువు, అలా చూస్తావేం," అన్నారు టీచర్ గారు.

ఆ సాయంత్రం తిట్టారు. సార్ చెప్పినట్టే, తర్వాత కాఫీ ఇచ్చారు.

గోంగూర ఒలిచినట్టు

ఇప్పుడు మందు. మీరు అడిగిన మందు ఇదీ: కూర్చుని ఒలవడం.

రాళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసి, వరండాలో టబ్బుల్లో ట్యాంకు నీళ్ళలోనే పెట్టాం. ముగ్గురం పీటలేసుకుని చుట్టూ కూర్చున్నాం. పట్టకారుతో వేళ్ళతో సహా పీకడం, మొండిగా ఉన్నచోట హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలద్ది కాసేపాగి కడగడం, వేరే టబ్బులో జాడించడం. పీకిన ప్రతి పోగూ ఒక గిన్నెలోకి, ఒక్కటి కూడా నీళ్ళలోకి పోకుండా. పగడం కూర్చున్న రాతిని మాత్రం సార్ తన చేతికి తీసుకున్నారు. కాండం పక్కన మందు చుక్క పడనివ్వకుండా, భూతద్దం పెట్టుకుని, ఒక్కో ఈకా పీకారు. మూడు రోజులు పట్టింది. ఏమిటండీ గోంగూర ఒలుస్తున్నారా అని దారినపోయే వాళ్ళు అడిగారు.

"పచ్చడి పెడతావేమిటి విమలా?" అన్నారు సార్, నిండిన గిన్నె చూపించి.

"మీ చుట్టాల్ని మీరే తినండి."

ఆ మాట విని నేను తల వంచుకుని రాయి తోముతున్నట్టు నటించాను. మూడు వారాల తర్వాత నా ఎదుట వాళ్ళు నేను మధ్యలో లేకుండా మాట్లాడుకున్నారు.

రాళ్ళు తిరిగి పెట్టాక నాలుగు రోజులు దీపాలు ఆర్పి, ట్యాంకు మీద దుప్పటి కప్పాం. ముళ్ళబంతిలాంటి సముద్రపు జీవి ఒకదాన్ని తెచ్చి వదిలాం, మిగిలింది మేస్తుందని. గడువు దగ్గరపడింది. తీసెయ్యమంటారేమోనని నేను నోరెత్తలేదు. టీచర్ గారే అన్నారు: "ఉండనీ. దుప్పటి ముందు పాడతాం." అడ్వెంట్ మొదటి ప్రాక్టీసు అలాగే జరిగింది. ఇరవై మంది, పూల దుప్పటి కప్పుకున్న ఒక సముద్రం ముందు.

మిగతా మూడిళ్ళకీ వెళ్ళి ఇదే చెప్పాను. ఇద్దరు అక్కడికక్కడే నన్ను మానిపించారు. వాళ్ళది న్యాయమే. అమావాస్య ఆయన మాత్రం బ్రష్ మాట నమ్మలేదు, ఇప్పటికీ పోటు వల్లే అంటాడు. నా ఇంట్లో గోడకి మేకులు కొట్టాను. మేకుకో బ్రష్, బ్రష్‌కో పేరు. నీలందాన్ని టీచర్ గారింట్లోనే వదిలేశాను. సార్ దాన్ని ఒక గాజు సీసాలో పెట్టి, పక్కన ఆ పీచు ఉన్న స్లైడు పెట్టుకున్నారు.

మీరు కూడా ఇంటికో బ్రష్ పెట్టుకోండి. వల, గొట్టం, బక్కెట్ కూడా ఇంటికొకటి. ఏ ఇంట్లోనైనా కారణం తెలియకపోతే, తెలీదని చెప్పండి. ఆ మాట చెప్పడం నేర్చుకోవడానికే సగం అనుభవం ఖర్చవుతుంది. ముందే నేర్చుకుంటే ఆ సగం మీకు మిగులుతుంది.

ఇక పగడం. ఊళ్ళో నేను చెప్పే పద్ధతి ఒకటుంది: క్రిస్మస్ ముందు ఆదివారం, ఇరవై మంది పాడుతుండగా, మూడో చరణంలో గొడుగు మీద ఒక్కో రేకూ లేచిందని, ఒక పెద్దాయన పాట ఆపేసి ఏడ్చాడని. చాలామంది అది విని ఉంటారు. అది అబద్ధం.

ఒక మంగళవారం, ఎవరూ చూడనప్పుడు తెరుచుకుంది. ముందు దాని ఒంటి మీద మైనంలాంటి పొర ఒకటి ఊడిందట, తర్వాత ఒక పక్క నుంచి రేకులు లేచాయి. సార్ కుర్చీలో కునుకు తీస్తున్నారు. టీచర్ గారు పప్పు పోపు పెట్టి హాల్లోకి వచ్చి చూశారు. నేనప్పుడు రామంతాపూర్‌లో ఒక ఇంటి ముందు స్కూటర్ ఆపుతున్నాను. ఫోన్ మోగింది. ఎత్తాను. సన్నగా, బొంగురుగా ఒక స్వరం, దాని మీద ఇంకొకటి. తర్వాత ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"రాజూ, తెరుచుకుంది. చూడ్డానికి రా."

"ఇప్పుడే వస్తున్నానండి."

"బ్రష్ తేకు."